షీటు వెనక చిన్న అక్షరాలు: నొప్పి బిళ్లలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికను నొప్పి బిళ్లలకే కేటాయించాం. మందుల శాస్త్రం, కిడ్నీ వైద్యం, వ్యసన చికిత్స, క్యాన్సర్ నొప్పి నివారణ తెలిసిన వైద్యులు కలిసి జవాబులు రాశారు. పాఠకుల పేర్లు తీసేశాం. చదివే ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ తెచ్చి ముందు పెట్టుకోండి. కంపెనీ పెట్టిన పెద్ద పేరును పక్కనపెట్టి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, మిల్లీగ్రాములు చూడండి. ఈ ఉత్తరాల్లో కనిపించే కష్టాల్లో చాలావాటికి ఆ పేరు ఎవరూ చదవకపోవడమే మొదలు.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. మోకాళ్ల నొప్పులకు మూడేళ్లుగా మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. గ్యాస్ బిళ్ల కూడా వేస్తోంది కదా, ఏం కాదనుకున్నాం. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ల వాడుతోంది. మొన్న క్రియాటినిన్ 1.6 వచ్చింది. ఇది ఉద్దానం నీళ్ల వల్లేనా? నొప్పి బిళ్ల మానేస్తే పనికెలా వెళ్తుంది?
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: ముందు ఆ 1.6 సంగతి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం. అంకె చిన్నగా కనిపించినా వయసు, స్త్రీ అన్న లెక్క కలిపితే మీ అమ్మగారి కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 37 మిల్లీలీటర్లే. 90 దాటితే మామూలు. 60 లోపు మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటాం. కాబట్టి ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి. నొప్పి బిళ్ల ఈ రోజే ఆపించి, రెండు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత మరోసారి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. బిళ్లల వల్ల తాత్కాలికంగా తగ్గిన వడపోత అయితే రెండు వారాల్లోనే మెరుగు కనిపిస్తుంది. కనిపించకపోతే కిడ్నీ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. పలాసలోనే 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి.

ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో చెప్పే ఒకే ఒక్క కారణం ఇంకా రుజువు కాలేదు. నీరు, ఎండలో ఒళ్లు వంచి చేసే పని, ఒంట్లో నీరు తగ్గడం, వంశం, నొప్పి బిళ్లలు అన్నీ అనుమానితులే. కారణం ఏదైనా కానివ్వండి, అప్పటికే నీరసించిన కిడ్నీని నొప్పి బిళ్ల ఇంకా దెబ్బతీస్తుందన్న దాంట్లో మాత్రం అనుమానం లేదు.

ఎలాగంటే, కిడ్నీలోని వడపోత గుత్తి ఒక మడి అనుకోండి. దానికి నీరు వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి వచ్చే తూమును బిగిస్తాయి. టెల్మిసార్టాన్ పోయే తూమును వదులు చేస్తుంది. మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ కాలవలో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే మడిలో నీరు నిలవదు, వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు. మే నెల ఎండలో చెమటలు కారినప్పుడో, విరేచనాలు పట్టుకున్నప్పుడో ఇదే కలయిక రెండు మూడు రోజుల్లో కిడ్నీని పడగొట్టగలదు. అలాగని బీపీ బిళ్ల మీకై మీరు ఆపకండి. ఆపాల్సింది నొప్పి బిళ్ల.

గ్యాస్ బిళ్ల గురించి పెద్ద అపోహ ఉంది. పాంటోప్రజోల్ కడుపులో పుండు పడకుండా కాపాడుతుంది. కిడ్నీకి, గుండెకు అది ఏ రక్షణా ఇవ్వదు. కడుపులో మంట లేదు కాబట్టి మందు పడిందనుకుని ఏళ్ల తరబడి వాడేస్తారు, అదీ ప్రమాదం.

ఇంకోటి. షాపులో ఒకసారి ఒక కంపెనీ షీటు, ఇంకోసారి మరో కంపెనీ షీటు ఇస్తారు. నొప్పి ఎక్కువైన రోజు రెండింట్లోంచీ ఒక్కోటి వేసుకుంటారు. పేర్లు వేరైనా రెండింట్లోనూ ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. ఉండొచ్చు. ఎసిక్లోఫెనాక్ రోజుకు 200 మి.గ్రా. దాటకూడదు. డైక్లోఫెనాక్ 150 మి.గ్రా. దాటకూడదు. ఒకటి వేసుకుంటూ రెండోది కలపనే కూడదు. ఇవి కిడ్నీలు బాగున్నవాళ్లకు చెప్పిన హద్దులు. మీ అమ్మగారికి ఇప్పుడు రెండూ వద్దు.

మరి నొప్పికి? పారాసిటమాల్ 650 మి.గ్రా. బిళ్ల అవసరమైన రోజున ఎనిమిది గంటలకొకటి చొప్పున మూడు దాకా వేసుకోవచ్చు. మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలోకి వెళ్లేది బిళ్ల కంటే చాలా తక్కువ. అయినా ఈ కిడ్నీ స్థితిలో వైద్యుణ్ని అడిగే వాడండి. నిజంగా పని చేసేది తొడ కండరం. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాచి, తొడ బిగించి 5 నుంచి 10 సెకన్లు ఉంచి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందుకే చాలామంది మధ్యలో వదిలేస్తారు. పిక్కలు ఒలిచేటప్పుడు గొంతుక్కూర్చోకుండా ఎత్తు పీట వేయించండి. చేతికర్ర పట్టుకుంటే నొప్పి ఎక్కువున్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి.

ప్రశ్న: మా నాయన వ్యవసాయం చేస్తడు. నడుము నొప్పికి వారానికోసారి ఊళ్ల ఆర్.ఎం.పి. దగ్గర రెండు సూదులు కలిపి వేయించుకుంటడు. గంటల లేచి పనికి పోతడు. ఏడాది నుంచి ముఖం ఉబ్బింది, షుగర్ కొత్తగ వచ్చింది. ఆ సూదుల ఏముంటది?
- ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఖాళీ సీసా, ఖాళీ యాంప్యూల్ అడిగి తెచ్చుకుని పేరు చదివితేనే కచ్చితంగా తెలుస్తుంది. అడగడం మీ హక్కు. మీరు రాసిన లక్షణాలను బట్టి అందులో ఒకటి స్టెరాయిడ్ అని గట్టిగా అనుమానించాలి. రెండు సూదులంటే తరచుగా డైక్లోఫెనాక్ 75 మి.గ్రా., దానితో డెక్సామెథసోన్ అన్న స్టెరాయిడ్ 8 మి.గ్రా. ఉంటాయి. 8 మి.గ్రా. డెక్సామెథసోన్ అంటే ప్రెడ్నిసొలోన్ అన్న మరో స్టెరాయిడ్ 50 మి.గ్రా.కు పైగా తీసుకోవడంతో సమానం. రెండు రోజుల దాకా దాని ప్రభావం ఉంటుంది. ఒళ్లు తేలికపడుతుంది, ఆకలి పెరుగుతుంది, జబ్బు నయమైందనిపిస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్, బీపీ పెరగడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, ఎముకలు గుల్లబారడం తర్వాతి కథ. తుంటి ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోవచ్చు కూడా. గజ్జలో నొప్పి, కుంటు మొదలైతే ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా వదిలేయకండి. మొదటి దశలో అది ఎం.ఆర్.ఐ.లోనే బయటపడుతుంది.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. స్టెరాయిడ్ చాలాకాలం బయటినుంచి అందితే, ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఉన్నట్టుండి ఆపేశాక విపరీతమైన నీరసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, షుగర్ పడిపోవడం కనిపిస్తే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అందుకే సూదులు మాన్పించే ముందే ఎం.డి. జనరల్ మెడిసిన్ వైద్యుడికి చూపించండి. పొద్దున ఎనిమిది గంటలప్పుడు రక్తంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే సొంత స్టెరాయిడ్) పరీక్ష చేసి, అవసరమైతే బిళ్ల రూపంలో స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా జ్వరం వచ్చినా, ఏదైనా ఆపరేషన్ అవసరమైనా, ఏడాదిగా ఈ సూదులు వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

కాగితం పొట్లంలో కట్టిచ్చే పేరులేని పొడులు, బిళ్లలు ఇంకా ప్రమాదం. ఆకుమందు అన్నంత మాత్రాన నమ్మకండి. గంటలో నొప్పి మాయం చేసే పొడిలో స్టెరాయిడో, నొప్పి మందో కలిసి ఉండే అవకాశమే ఎక్కువ. పిరుదు మీద సూది పైన, బయటి వైపు మూలలో వేయాలి. లోపలి వైపు వేస్తే తొడ వెనక నుంచి దిగే పెద్ద నరానికి తగిలి పాదం వాలిపోవచ్చు. ఊళ్లో డాక్టరు లేకనే ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్తున్నారని మాకు తెలుసు. కనీసం పల్లె దవాఖానలో బీపీ, షుగర్ చూపించి మొదలుపెట్టండి.

ప్రశ్న: ఒళ్లు నొప్పులు, జ్వరం ఉంటే పారాసిటమాల్‌తో ఇంకో నొప్పి మందు కలిసిన కాంబినేషన్ బిళ్ల వేసుకోవచ్చా? మా వీధిలో డెంగీ కేసులున్నాయి.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దు. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నొప్పికి వేసే యాస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. గుండె కోసం డాక్టరు రాసిన 75 మి.గ్రా. యాస్పిరిన్ వాడేవాళ్లు దాన్ని కొనసాగించాలో లేదో ఆ డాక్టరునే అడగండి. పెద్దవాళ్లకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు. అంటే 650 బిళ్లలు ఆరుకు మించకూడదు. మద్యం అలవాటున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి 2 గ్రాములే హద్దు. జలుబు బిళ్లలోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి. పొరపాటున ఎక్కువ వేసుకుంటే ఏమీ అనిపించడంలేదని ఇంట్లో ఉండిపోకండి. మొదటి రోజు మనిషి మామూలుగానే ఉంటాడు, కాలేయం దెబ్బ తర్వాత తెలుస్తుంది. విరుగుడు మందు ఎసిటైల్ సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు పడితే బాగా పని చేస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. బైక్ యాక్సిడెంట్‌లో కాలు విరిగి రాడ్ వేశారు. అప్పుడిచ్చిన ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన బిళ్లలు పది నెలలుగా మానలేదు. ఇప్పుడు రోజుకు 12 వేస్తున్నాడు. ఒకసారి ఫిట్స్ వచ్చింది. ఒక్కరోజు లేకపోయినా ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం. గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో పోతుందని బంధువులంటున్నారు.
- ఒక అక్క, ఖమ్మం

జవాబు: తాళం వేయకండి. ఎందుకో చెప్పే ముందు ఆ 12 బిళ్లల లెక్క చూడండి. ఒక్కో బిళ్లలో ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. అంటే రోజుకు ట్రమడాల్ 450 మి.గ్రా., హద్దు 400. పారాసిటమాల్ 3,900 మి.గ్రా., అది కూడా హద్దు అంచునే ఉంది. ఫిట్స్‌కు ట్రమడాల్ కారణమని గట్టిగా అనుమానించాలి. కాలేయానికి జరిగే నష్టం మాత్రం ఇంట్లో ఎవరికీ కనిపించదు. కాబట్టి మొదటి వారమే కాలేయ పరీక్షలు చేయించండి.

ట్రమడాల్ నల్లమందు కుటుంబపు నొప్పి మందు. నెలల తరబడి తీసుకున్నవారి మెదడు దానికి అలవాటు పడి, అది లేకపోతే మీరు రాసిన లక్షణాలన్నీ చూపిస్తుంది. ఇది మీ తమ్ముడి మనోబలం లేకపోవడం కాదు. ఆ మాట ఇంట్లో అందరూ ముందు ఒప్పుకోవాలి, తిట్టడం ఆపాలి. గదిలో బంధించి నాలుగు రోజులు ఆపితే బాధ తగ్గొచ్చు, కోరిక తగ్గదు. పైగా ఆ నాలుగు రోజుల్లో శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. బయటికొచ్చి మళ్లీ 12 వేసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. మాన్పించే ప్రయత్నం తర్వాత జరిగే మరణాలకు ఇదే పెద్ద కారణం.

చేయాల్సింది మానసిక వైద్యుణ్ని కలవడం. మామూలుగా మోతాదును ఒకటి నుంచి నాలుగు వారాలకొకసారి పదో వంతు చొప్పున తగ్గిస్తారు. ఫిట్స్ వచ్చింది కాబట్టి మీ తమ్ముడి విషయంలో మొదటి రోజులు ఆసుపత్రిలో ఉంచే అవకాశం ఎక్కువ. కొందరికి ట్రమడాల్ బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఇచ్చి నెలల పాటు కొనసాగిస్తారు. అది మరో వ్యసనం అని భయపడకండి, అది చికిత్స. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ వ్యసన చికిత్స ఉంది. మీకు దగ్గరి కేంద్రం ఏదో జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి తెలుసుకోండి, డబ్బు ఖర్చు కాదు. పోలీసు కేసు అవుతుందని భయపడి చికిత్స మానేసేవాళ్లు ఉన్నారు. స్వయంగా చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరులకు, సొంత వాడకం, చిన్న మోతాదు కేసుల్లో మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి. మనిషి గురక పెడుతూ లేపినా లేవడం లేదు, నిమిషానికి పదిసార్ల కన్నా తక్కువ ఊపిరి తీస్తున్నాడు, కంటిపాప గుండుసూది తలంత అయింది, పెదాలు నీలంగా మారుతున్నాయి అంటే 108కి ఫోన్ చేయండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, ఖాళీ షీటు వెంట తీసుకెళ్లండి. విరుగుడు ఇంజెక్షన్ నాలోక్సోన్ ఆసుపత్రిలో ఇస్తారు. మద్యం, నిద్ర బిళ్లలు కలిస్తే తక్కువ మోతాదుకే ఈ స్థితి వస్తుంది. డిప్రెషన్‌కు కొన్ని బిళ్లలు వాడుతూ ట్రమడాల్ వేసుకుంటే ఫిట్స్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

మీ ఇల్లొక్కటే కాదు. కేంద్రం తరఫున ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో నల్లమందు కుటుంబపు మందులు, మత్తు పదార్థాలు వాడేవారు 2.26 కోట్లని, హెరాయిన్ తర్వాత ఎక్కువ మంది వాడేది మెడికల్ షాపుల్లో దొరికే బిళ్లలు, ఇంజెక్షన్లేనని తేల్చింది. సమస్య స్థాయిలో వాడేవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది.

ప్రశ్న: నేను మెడికల్ షాపు నడుపుతున్నాను. పాత చీటీ చూపించి ట్రమడాల్ అడుగుతారు. ఇవ్వకపోతే గొడవ. నిబంధన ఏమిటి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ట్రమడాల్ 2018 ఏప్రిల్ నుంచి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. చీటీపై మళ్లీ ఇవ్వవచ్చని వైద్యుడు రాయకపోతే ఒక్కసారికే అది చెల్లుతుంది. ఇచ్చినప్పుడు వైద్యుడి సంతకం పైన మీ షాపు పేరు, చిరునామా, తేదీ వేయండి. ఆ ముద్ర పడిన చీటీ మరో షాపులో చెల్లదు, కాబట్టి ఈ ఒక్క అలవాటే చాలా దుర్వినియోగాన్ని ఆపగలదు. ట్రమడాల్ వంటి షెడ్యూల్ హెచ్1 (గట్టి నియంత్రణ ఉన్న చీటీ మందుల జాబితా) మందులకు ప్రత్యేక రిజిస్టరులో వైద్యుడి పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రాసి మూడేళ్లు ఉంచాలి. గొడవ చేసేవారిలో చాలామంది బాధలో ఉన్నవారు. గోడ మీద 14446 నంబరు అంటించండి.

ప్రశ్న: దుబాయిల ఉన్న మా రూమ్మేట్లకు ఊరి నుంచి నడుము నొప్పి గోలీలు, నరాల గోలీలు తీసుకొని పోవచ్చా?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఇంకొకరి కోసం ఒక్క గోలీ కూడా తీసుకెళ్లకండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, అల్ప్రాజోలం, డయాజిపాం యూఏఈలో నియంత్రిత మందులు. చాలామంది చిక్కుకునేది నరాల గోలీ దగ్గర. మిథైల్‌కోబాలమిన్ అన్న విటమిన్‌తో పాటు అందులో తరచుగా ప్రెగాబలిన్ అన్న నరాల నొప్పి మందు ఉంటుంది. ప్రెగాబలిన్ యూఏఈలోనూ, సౌదీలోనూ నియంత్రణలో ఉంది. విటమిన్ గోలీయే కదా అని సంచిలో వేసుకున్నవారు విమానాశ్రయంలో ఇరుక్కుంటారు. మీ సొంత మందు తప్పనిసరైతే, అసలు పేరు, మోతాదు రాసిన తాజా చీటీ, వైద్యుడి లేఖ ఇంగ్లిషులో తీసుకుని, యూఏఈ ప్రభుత్వ అధికారిక వెబ్‌సైటులో ప్రయాణానికి ముందే అనుమతికి దరఖాస్తు చేయండి. అనుమతి రాకముందు టికెట్ ఖరారు చేసుకోవద్దు. గోలీలను షీటులోనే ఉంచండి, డబ్బీలో పోయకండి. రూమ్మేట్లను అక్కడి క్లినిక్‌లోనే చూపించుకోమనండి.

ప్రశ్న: మా మామగారికి నోటి క్యాన్సర్. నొప్పితో రాత్రంతా కూర్చునే ఉంటారు. డాక్టరు మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకొకటి రాశారు. అలవాటైపోతుందని, ఇది చివరి మందని అందరూ అంటున్నారు. వేయమంటారా?
- ఒక కోడలు, హనుమకొండ

జవాబు: వేయండి, ఈ రాత్రే మొదలుపెట్టండి. పై ఉత్తరాలు చదివి మార్ఫిన్ మీద భయం పెంచుకుంటే అది ఇంకో అన్యాయం అవుతుంది. భయానికి మూలం కొంత అమెరికా అనుభవం. అక్కడ 1996లో ఆక్సికాంటిన్ అన్న నల్లమందు కుటుంబపు నొప్పి బిళ్ల వచ్చాక, క్యాన్సర్ లేని మామూలు నడుము నొప్పులకూ ఇలాంటి మందులు నెలల తరబడి విచ్చలవిడిగా రాశారు. తయారీ సంస్థ పర్డ్యూ 2007లోనూ, 2020లోనూ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఇప్పుడు అక్కడి మరణాల్లో ఎక్కువ భాగం దొంగచాటుగా తయారయ్యే ఫెంటనిల్ అన్న అదే కుటుంబపు మందువి. 2023లో మత్తుమందుల మోతాదు మించి సుమారు 1,05,000 మంది చనిపోయారు. మన దగ్గర క్యాన్సర్ రోగుల్లో చాలామందికి కష్టం ఇందుకు ఎదురు దిక్కులో ఉంది, మందు అందకపోవడమే వాళ్ల బాధ. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి అనుమతులు సులువు చేసింది అందుకే. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది.

నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి వేయాలి: పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి పది గంటలకు రెట్టింపు మోతాదు వేసి అర్ధరాత్రి లేపకుండా నడిపించే పద్ధతి ఉంది, డాక్టరును అడిగి పాటించండి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత వేయాలో కూడా రాయించుకోండి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, అది తగ్గదు కూడా. అందుకే మొదటి రోజు నుంచే విరేచనకారి బిళ్ల రాత్రిపూట వేయాలి. ఇది మరచి, మలబద్ధకం బాధ భరించలేక మార్ఫిన్ మానేసినవారు ఎందరో. వికారం, మగత మొదటి మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. మగత రోజురోజుకూ పెరుగుతున్నా, మూత్రం తగ్గినా, కండరాలు ఉలిక్కిపడుతున్నట్టు కదులుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పండి. కిడ్నీలు మందగిస్తే మార్ఫిన్ ఒంట్లో నిలిచిపోతుంది. బిళ్లలు తాళం వేసిన పెట్టెలో ఉంచి, లెక్క ఒక పుస్తకంలో రాయండి.

ప్రశ్న: నెలసరి నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ బిళ్ల వాడిన నెలకు మా అమ్మాయికి ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, ముఖం వాపు వచ్చాయి. ఇప్పుడు తగ్గింది. ఎవరికి చెప్పాలి?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఇది డ్రెస్ అన్న తీవ్రమైన మందు వికటనం అయ్యుండొచ్చు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడడం దాని లక్షణం. మెఫెనమిక్ యాసిడ్ విషయంలో దీన్ని గమనించాలని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు చివర్లో హెచ్చరిక ఇచ్చింది. ఆ మందు ఆమెకు జీవితంలో మళ్లీ ఇవ్వకూడదు. ఈ మాట ఒక కార్డు మీద రాసి ఆమె పర్సులో ఉంచండి. తగ్గినట్టు కనిపించినా కాలేయ, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు ఒకసారి చేయించండి. ఫిర్యాదుకు డాక్టరే అక్కర్లేదు, మీరే ఆ కమిషన్ హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు అమ్మాయి వయసు, బరువు, షీటు మీద ఉన్న అసలు మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, దద్దుర్లు వచ్చిన తేదీ, అప్పుడు వాడుతున్న ఇతర మందులు దగ్గర పెట్టుకోండి. షీటు కత్తిరించినప్పుడు బ్యాచ్ నంబరున్న వైపే పారేస్తుంటారు, మీ దగ్గర లేకపోతే కొన్న బిల్లు చూడండి.